తడి నాపు పాదరక్షలు, పేటెంటు తగవులు: ఒక సమీక్ష

పాదమునకును చెప్పు అడుగునకును నడుమ ఇమిడియుండు, వ్రేలెడు మందమైనను లేని ఒక అట్టను గూర్చి వర్తకసంస్థలు న్యాయస్థానముల మెట్లెక్కి ఏండ్ల తరబడి వాదించుకొనుట మొదట వినువారికి వింతగా తోచవచ్చును. కాని ఆ అట్టలోనికి నీరు చొరకుండ చేయుటకును, లోపలి చెమట ఆవిరియై వెలికి పోవునట్లు చేయుటకును మానవుడు రెండు శతాబ్దులుగా పడిన పాట్లను, ఆ పాట్ల ఫలము ఎవరికి చెందవలెనో తేల్చుటకై న్యాయశాస్త్రము కల్పించుకొనిన నియమములను ఒకచోట నుంచి పరిశీలించినచో, జ్ఞానమునకు యాజమాన్యము ఎంతవరకు చెల్లునను మహాప్రశ్న యంతయు ఆ చిన్న వస్తువునందే ఇమిడియున్నదని తెలియును. ఇట్టి తగవులన్నిటికిని మూలమైన ప్రశ్న ఒక్కటే: హక్కు కోరువాడు లోకమునకు క్రొత్తగా ఇచ్చినదేమి, అంతకు ముందే లోకమున కున్నదేమి? ఈ రెంటి నడుమ గీత గీయుటలో మన చట్టము గ్రామీణ వృత్తికారుల నోటిమాటకు సైతము ఒక స్థానము కల్పించినదనియు, ఆ స్థానమును మనము ఇంకను వినియోగించుకొనలేదనియు నా యభిప్రాయము.

సిద్దిపేట ప్రాంతమున ఈ ప్రశ్నకు నేడు ప్రత్యేకమైన ప్రసక్తి కలదు. చెఱువులను, బావులను, బోరులను నమ్ముకొని ఆరుతడి పంటలతోను, మెట్టపంటలతోను కాలము గడపిన ఈ సీమకు, 2020లో చంద్లాపూర్ వద్ద రంగనాయక సాగరమును, అదే సంవత్సరమున కొండపోచమ్మ సాగరమును, 2022లో మల్లన్న సాగరమును ప్రారంభమైన పిదప గోదావరీజలము చేరువయైనది. నీటి వెంట వరియు, వరి వెంట నాట్లును, నాట్ల వెంట తడిసిన పాదములును రాక తప్పవు. నాట్ల దినములలో ప్రొద్దుటినుండి ప్రొద్దుగూకువరకు చీలమండలు మునుగు బురదలో వంగి నిలుచు స్త్రీల పాదములు నాని తెల్లబడి, వేళ్ళ సందులు ఒరిసి, రాత్రివేళ పసుపో ఆముదమో రాచుకొని మఱునాటి యుదయమున మరల అదే మడిలో దిగవలసియుండును. వానకాలమున మురుగుకాలువలలో దిగు పారిశుద్ధ్య కార్మికులకును, మధుమేహముచే పాదస్పర్శ సన్నగిల్లి పుండు పడినను తెలిసికొనలేని వృద్ధులకును తడి యంటని పాదరక్ష సౌఖ్యవస్తువు మాత్రమే కాదు, ఆరోగ్యావసరము. కావున అట్టి పాదరక్షను ఎవరు చేయవచ్చును, ఎంత వెలకు అమ్మవచ్చును అను నిర్ణయము పొలముగట్టు వరకును వచ్చి చేరుచున్నది.

వివాదములను పరిశీలించుటకు ముందు వస్తుస్వరూపము నెఱుగుట యుక్తము. నీటిని ఆపుట మాత్రమే లక్ష్యమైనచో ఏ రబ్బరు బూటైనను చాలును; కాని రబ్బరు నీటిని వెలుపలనే నిలిపినట్లుగా చెమటను లోపలనే బంధించును గనుక, గంటలకొలది తొడిగినవాని పాదము వాన లేకయే తన చెమటలో తానే నానును. నీటిబొట్టును చొరనీయక ఆవిరిని మాత్రము పోనిచ్చు పొరను సంపాదించుట, ఆ పొరను మెత్తని ఫోమునకును బట్టకును విడిపోకుండ అతుకుట, అంచులవెంట నీరు పాకకుండ మూయుట, మడమ యొక్క ప్రతి త్రొక్కిడికిని లోపలి గాలి వెలికి పోవునట్లు సన్నని దారులు తీర్చుట అను నాలుగు పనులు ఇందు కలవు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క హక్కు కోరదగును. ఇన్‌సోల్ అను ఈ లోపలి అట్ట విషయమున తగవు వచ్చినపుడు, వాది తాను కనిపెట్టితినని చెప్పునది పొరయా, అతుకా, అంచా, గాలిదారియా యను విచారణయే సగము వ్యాజ్యము. పేటెంటు పత్రము చివర సంఖ్యలు వేసి వ్రాయు ‘క్లెయిము’లు పొలమునకు హద్దురాళ్ళ వంటివి, వాని లోపలిది పట్టాదారుది, వెలుపలిది ఊరందరిది.

మన దేశమున ఇట్టి వస్తువునకు లభించు రక్షణలు ముఖ్యముగా మూడు. వస్తువు పనిచేయు విధానమునందలి క్రొత్తదనమునకు 1970 నాటి పేటెంట్ల చట్టము దరఖాస్తు దినము మొదలు ఇరువది సంవత్సరముల హక్కు నిచ్చును. కంటికి కనబడు రూపురేఖలకు 2000 నాటి డిజైన్ల చట్టము మొదట పది, పిమ్మట ఐదు, వెరసి పదునైదు సంవత్సరముల హక్కు నిచ్చును. ఒక ప్రాంతపు నేలతోను నేర్పుతోను ముడివడిన వస్తువునకు 1999 నాటి చట్టము భౌగోళిక సూచిక యను సామూహికమైన హక్కు నిచ్చును. తలపై కుండతో, చేత చల్లకవ్వముతో నడచు గొల్లభామను చీరకొంగుపై నేతలోనే తీర్చు సిద్దిపేట నేతగాండ్ర నేర్పు ఈ మూడవ రక్షణనే పొందియున్నది. ఈ మూటి తారతమ్యము నెఱుగక, పనితీరును డిజైనుగా నమోదు చేయించుకొని, తుదకు రెంటికిని చెడినవారు కలరు. ఏలనన, డిజైన్ల చట్టము కంటికి ఇంపైన ఆకృతిని కాపాడునే గాని, యంత్రసాధనమును, నిర్మాణపద్ధతిని కాపాడదు. విడిగా తయారై విడిగా అమ్ముడుపోదగు భాగమును సయితము ఆ చట్టము వస్తువుగానే గణించును గనుక, తీసి వేసికొనదగిన ఇన్‌సోల్ పై గీతలకును వంపులకును డిజైను హక్కు లభింపవచ్చును. ఆ గీతలు నీరు పోవుటకై మాత్రమే తీర్చినవైనచో రక్షణను పేటెంటునందే వెదకవలెను.

తడి నాపు పాదరక్షల చరిత్ర అమెజాన్ అరణ్యవాసులతో ఆరంభమగును. చెట్టుపాలను పాదాకారపు అచ్చుపై పొరలు పొరలుగా పోసి, పొగకు పట్టి, గట్టిపఱచి వారు చేసిన జోళ్ళు 1820 ప్రాంతముల బ్రెజిల్ నుండి బోస్టనునకు ఎగుమతి యగుచుండెను. ఎండకు కరగి జిగురై, చలికి బిరుసెక్కి పగులు ఆ రబ్బరును గంధకముతో కాచి స్థిరపఱచు విధానమును 1839లో గుర్తించిన చార్లెస్ గుడ్‌యియర్, గంధకమును ముందుగా ప్రయోగించిన నథానియల్ హేవర్డ్ హక్కును కొని, 1844లో అమెరికా పేటెంటును సంపాదించెను; కాని ఇంగ్లండున థామస్ హ్యాంకాక్ అంతకు ముందే, 1843 నవంబరులో, దరఖాస్తు పెట్టియుండుటచే అచటి హక్కు గుడ్‌యియరునకు దక్కలేదు. రబ్బరుజోళ్ళ వ్యాపారి హొరేస్ డే తన హక్కును అతిక్రమించెనని గుడ్‌యియర్ పక్షము వేసిన దావా 1852లో న్యూజెర్సీ రాష్ట్రపు ట్రెంటన్ నగరమున విచారణకు వచ్చినపుడు, అప్పటికి విదేశాంగమంత్రిగా నున్న డేనియల్ వెబ్‌స్టర్ గుడ్‌యియర్ పక్షమున నిలిచి వాదించెను. తీర్పు గుడ్‌యియరునకు అనుకూలమాయెను. అయినను 1860లో ఆయన మరణించునప్పటికి అప్పులే మిగిలినవి. గెలిచినవాడు ఋణగ్రస్తుడై పోవుటయు, మొదట జోడు చేసిన అరణ్యవాసుల ప్రసక్తి ఏ హక్కుపత్రమునను లేకపోవుటయు ఈ వ్యాజ్యము మిగిల్చిన రెండు బాధాకరమైన పాఠములు.

రెండవ ఘట్టము 1969లో బాబ్ గోర్ కాచిన టెఫ్లాన్ కడ్డీని మెల్లగా సాగదీయుటకు మాఱుగా ఒక్కపెట్టున లాగి చూచుటతో మొదలైనది. అట్లు లాగినపుడు ఆ పదార్థము తెగక, కంటికి గోచరింపని రంధ్రములతో నిండిన తేలికపొరగా మాఱెను. నీటిబొట్టు చొరజాలనంత చిన్నవియు, ఆవిరి నిరాఘాటముగ పోదగినంత పెద్దవియు నగు ఆ రంధ్రములే నేటి వానకోటులకును వానబూట్లకును ఆధారము. 1976లో లభించిన పేటెంటును ఆధారము చేసికొని గోర్ సంస్థ గార్లాక్ అను సంస్థపై దావా వేయగా, న్యూజిలాండునందు జాన్ క్రాపర్ అనునతడు 1966 నాటికే అట్టి యంత్రమును చేసి యుండెనను వాదము ప్రతివాదికి ముఖ్యాయుధమాయెను. క్రింది న్యాయస్థానము ఆ వాదమును మన్నించినను, 1983లో అప్పీలు న్యాయస్థానము ముఖ్యభాగమున తీర్పును మార్చి, రహస్యముగ దాచుకొనిన విద్య లోకమునకు చేరనిది కావున, దానిని లోకమునకు వెల్లడించిన తరువాతివాని హక్కును అది హరింపజాలదని నిర్ణయించెను. ఈ తీర్పు న్యాయమైనదని నేను తలంతును. పేటెంటనునది రాజ్యమునకును కల్పకునకును నడుమ ఒడంబడిక: అతడు తన మర్మమును వ్రాసి యిచ్చును, రాజ్యము కొంతకాలము ఏకాధిపత్య మిచ్చును. మర్మమును పెట్టెలో బిగించుకొన్నవాడు ఆ ఒడంబడికలో భాగస్వామి కాడు.

క్రొత్తదన మెంత యుండిన చాలునను ప్రశ్నకు మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ వ్యాజ్యమున స్పష్టముగ బదులు చెప్పినది. లోహపాత్రలను తరిమెన పట్టునపుడు పాత్ర జారి ఎగిరిపోకుండ పట్టియుంచు సాధనము నొకదానిని మీర్జాపూరు పాత్రల పరిశ్రమవారు పేటెంటు చేయించుకొనగా, పూర్వమున్న సాధనమునే కొలదిగ సవరించిన మాత్రమున అది నూతనకల్పన కాజాలదనియు, నేర్పరియైన పనివాడు తన పనిశాలలో సహజముగ చేసికొను సవరణకు ఏకాధిపత్య మీయరాదనియు న్యాయస్థానము నిర్ణయించి ఆ హక్కును త్రోసివేసెను. ఇన్‌సోల్ తగవులకు ఈ తీర్పు గీటురాయి. రెండు పొరలున్నచోట మూడవది చేర్చుట, ఆఱు రంధ్రములున్నచోట పది పొడుచుట, నలుపు ఫోమునకు బదులు బూడిదరంగు ఫోమును వాడుట సవరణలే. చెమట పోవు వేగమును, పొర మన్నికను, పాదముపై పడు ఒత్తిడిని నిపుణులు సయితము ఊహింపని రీతిని మార్చునదే కల్పన. వాది తన పొర ఎన్నివేల మడతలకు ఓర్చునో, ఎంత నీటిబరువునకు నిలుచునో పరీక్షాఫలములతో చూపనిచో, గీటురాయిపై అతని బంగారము నిలువదు.

తొందరపడి ప్రదర్శించుటవలన హక్కు నశించుటకు క్రాక్స్ సంస్థ వ్యాజ్యములు గొప్ప యుదాహరణము. తమ రంధ్రముల జోళ్ళ ఆకృతిని బాటా, లిబర్టీ, రిలాక్సో మున్నగు సంస్థలు అనుకరించెనని ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టున దావా వేయగా, నమోదుకు ముందే ఆ ఆకృతి ఇంటర్నెట్టులో వెల్లడియై యుండెనను కారణమున 2018 ఫిబ్రవరిలో ఏకసభ్య న్యాయపీఠమును, 2019 జనవరిలో ద్విసభ్య న్యాయపీఠమును నిషేధాజ్ఞను నిరాకరించినవి. 2018 మార్చిలోనే ఐరోపా సాధారణ న్యాయస్థానమును, ఫ్లోరిడా రాష్ట్రపు పడవల ప్రదర్శనయందు ఆ జోళ్ళను చూపుట, అమ్ముట మున్నగునవి దరఖాస్తునకు చట్ట మనుమతించు గడువునకు మునుపే జరిగినవని నిర్ణయించి ఆ డిజైను చెల్లదనెను. ఒకరి సరకును మఱియొకరి సరకుగా కొనుగోలుదారు భ్రమించునట్లు చేయుట యను వేఱొక ఆరోపణ మాత్రము ఇంకను జీవించియున్నది. ఆ దావాలను 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య న్యాయపీఠము పునరుద్ధరించినది. తెలుగునేలపైనను ఇట్టి డిజైను తగవులు లేకపోలేదు. బిస్కట్టుపై తీర్చిన ఆకృతిని గూర్చి అంప్రో సంస్థకును అశోకా బిస్కట్ల సంస్థకును నడుమ నడచిన వ్యాజ్యమునందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు 1973 నాటి న్యాయనివేదికలలో చోటు చేసికొన్నది.

ఇక మనకు మిక్కిలి సన్నిహితమైన విషయమునకు వత్తును. సిద్దిపేట పరిసర గ్రామములలో మాదిగ వృత్తికారులు తరతరములుగ తోలును తడికి ఓర్చునట్లు చేయు విద్య నెఱిగినవారు. ఊరి వెలుపలి లందలో తోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు రాల్చి, రంపెతో గీకి, తంగేడు చెక్క ఊరిన నీటిలో దినముల తరబడి ఊరబెట్టి, ఆరెతో పొడిచి తోలువారుతోనే కుట్టి, పలుమాఱు ఆముదము పట్టించిన కిర్రుచెప్పు, మొదట కరచినను పిదప తొడిగినవాని పాదము అచ్చునే తనలో నిలుపుకొనును. మడమ యానుచోట లోతును, వేళ్ళు త్రొక్కుచోట నునుపును ఏర్పడి, నేటి నిపుణులు అచ్చు తీసి చేయు ఇన్‌సోల్ పని ఆ తోలే నెఱవేర్చును. కరెంటు మోటారులు రాకపూర్వము ఎద్దులతో తోలిన మోటలకు నీరు కారకుండ తోలుతొండమును కుట్టి యిచ్చినదియు ఈ చేతులే. ఎంత కుట్టు దట్టమైన నీరాగునో, ఏ నూనె ఎంత పట్టించిన తోలు చివుకదో వారికి తెలిసినంతగ ఏ పుస్తకమునను లేదు.

పుస్తకమున లేకపోవుటయే అపాయము. గాయములను మాన్పుటకు పసుపు వాడుకపై అమెరికాలోని మిస్సిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రము 1995లో పేటెంటు సంపాదించినపుడు, మన ప్రతి యింటి వంటగదియు సాక్ష్యము చెప్పగల విషయమైనను, నాటి అమెరికా చట్టము విదేశముల వాడుకను లెక్కింపక ముద్రిత గ్రంథములనే అంగీకరించుటవలన, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి ప్రాచీనగ్రంథములను, 1953 నాటి వైద్యపత్రికా వ్యాసమును చూపవలసివచ్చెను. 1997లో ఆ పేటెంటు రద్దయినది. మన చట్టము ఇంతకంటె ఉదారమైనది. పేటెంట్ల చట్టమునందలి మూడవ సెక్షను ‘పి’ ఖండము సంప్రదాయజ్ఞానమును పేటెంటునకు అనర్హముగ ప్రకటించుచుండగా, ఇరువదియైదవ సెక్షను మొదటి యుపవిభాగము ‘కె’ ఖండము, ఏ స్థానికసమాజమునందైనను వాచికముగ గాని మఱియొక రీతిగ గాని ఎఱుకలో నున్న జ్ఞానమునే తిరుగవ్రాసి హక్కు కోరుచున్నారని ఆక్షేపించుటకు అవకాశ మిచ్చుచున్నది. హక్కు మంజూరునకు మునుపు ఇట్టి ఆక్షేపణను ఏ వ్యక్తియైనను తేవచ్చును. మంజూరు ప్రకటితమైన పిమ్మట ఒక సంవత్సరములోగా సంబంధము గలవాడు తేవచ్చును. అటుపైన అఱువదినాలుగవ సెక్షను ‘క్యు’ ఖండము క్రింద రద్దు కోరవచ్చును. అనగా, ఆముదము పట్టిన తోలు అట్టను ఒక పెద్దసంస్థ తన కల్పనయని చెప్పుకొనినచో, దుబ్బాక దిక్కునో హుస్నాబాద్ దిక్కునో ఉన్న ఒక ముదుసలి చర్మకారుని సాక్ష్యము ముద్రిత గ్రంథముతో సరితూగగలదు.

పేటెంట్లన్నియు పేదలకు విరోధులని దీనినుండి తలంపరాదు. యాదాద్రి ప్రాంతపు శారాజీపేటలో తల్లి లక్ష్మి ఆసు పోయుటకై దినమునకు వేలమాఱులు చేయి చాచి చాచి భుజము నొప్పులతో బాధపడుట చూడజాలక చింతకింది మల్లేశం కల్పించిన ఆసుయంత్రము 2011లో పేటెంటును, ఆయనకు 2017లో పద్మశ్రీని సంపాదించిపెట్టినది. చదువు ఆఱవ తరగతితో ఆగిన నేతపనివాని బుద్ధికి రాజ్యము వేసిన ముద్ర అది. హైదరాబాదునందే డ్యూసియర్ టెక్నాలజీస్ అను సంస్థ, దృష్టిలోపము గలవారికి ఏ వైపు తిరుగవలెనో పాదమునకు ప్రకంపనముల ద్వారా సూచించు ‘లేచల్’ ఇన్‌సోల్‌ను రూపొందించినది. ఇట్టి శ్రమను రక్షింపనిచో మఱునాడే అనుకరించువాడు ధనవంతుడగును, కల్పకుడు దరిద్రుడగును. మఱియొక వైపున, వెల్లూరున డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు స్పర్శ కోల్పోయిన కుష్ఠరోగుల పాదములకై ప్రచారమునకు తెచ్చిన సూక్ష్మరంధ్ర రబ్బరు అట్ట, ఎం.సి.ఆర్. చెప్పుగా దేశమంతటి కుష్ఠనివారణ కార్యక్రమమునకు చేరి, పుండు పడవలసిన పాదములను ఎన్నిటినో కాపాడినది. ఆరోగ్యమునకు అత్యవసరమైన వస్తువు విషయమున వెల పేదవానికి అందనిచో ఏమి చేయవలెనో కూడ మన చట్టము చెప్పియున్నది. 2012 మార్చిలో క్యాన్సరు మందు విషయమై హైదరాబాదు నాట్కో సంస్థకు లభించిన నిర్బంధ లైసెన్సు, అనగా పేటెంటుదారుని సమ్మతి లేకయే తయారుచేయుటకు అనుమతి, నెలకు రెండులక్షల ఎనుబదివేల రూపాయలకు పైబడిన వెలను 8,800 రూపాయలకు దింపినది.

ఆచరణలోని చిక్కు వేఱు. తెలంగాణ వాసి పేటెంటు దరఖాస్తు చెన్నై కార్యాలయ పరిధిలోనిది. హక్కును అతిక్రమించిరను దావాను జిల్లా న్యాయస్థానమునకు తక్కువ కాని న్యాయస్థానమున వేయవలెను. ప్రతివాది ఆ పేటెంటే చెల్లదని ఎదురుదావా వేసిన క్షణమున వ్యాజ్యము హైకోర్టునకు పోవును. ఇన్ని మెట్లెక్కు స్తోమత చిన్నవానికి లేదని పెద్దసంస్థ లెఱుగును. బజాజ్, టి.వి.ఎస్. సంస్థల ఇంజను వివాదము 2007లో మొదలై మధ్యంతర ఉత్తరువులలోనే చిక్కుకొనగా, 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇట్టి వ్యాజ్యములను దినదినము విచారించి నాలుగు నెలలలో ముగింపుడని ఆదేశింపవలసివచ్చెను. ఇరువది సంవత్సరముల హక్కులో ఎనిమిదేండ్లు వాయిదాలకే పోయినచో, గెలుపు పేరునకు మాత్రమే మిగులును.

పైని చెప్పిన వ్యాజ్యములన్నిటిని కలిపి చూచిన, హక్కు నశించుటకు మూడు ద్వారములు గోచరించును: దాచుకొనుట, తొందరపడి చూపుట, సవరణను కల్పనగా చెప్పుకొనుట. మొదటి రెంటికిని తిథియే కీలకము గనుక, సిద్దిపేట పాలిటెక్నిక్ విద్యార్థియైనను, చెప్పుల దుకాణము నడపుకొను పనివాడైనను తన క్రొత్త ఇన్‌సోల్‌ను సంతలోను, ప్రదర్శనలోను, ఫోనులోను చూపుటకు ముందే తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టవలెను. పూర్తి వివరణకు చట్టము పన్నెండు నెలల గడువు నిచ్చియున్నది, వ్యక్తులకు రుసుమును తక్కువగనే ఉంచినది. మూడవదానికి, ఇదివరకున్న దేమో నిజాయితీగ వెదకి, తన హద్దురాళ్ళను తనదైన నేలలోనే పాతుకొనుట మార్గము.

కాని వ్యక్తులు చేయజాలని పని యొకటి కలదు. లందలు పూడిపోయినవి, మోటలు మూలపడినవి, కిర్రుచెప్పులు కుట్టగల చేతులు నానాటికి తగ్గుచున్నవి. ‘కె’ ఖండము వాచికజ్ఞానమును సాక్ష్యముగ అంగీకరించునన్నచో, ఆ సాక్ష్యము చెప్పువారు బ్రతికియుండగనే అంగీకరించును. వారి విద్యను వారి పేరుతో, ఊరితో, తిథితో, చేతిపని చూపు చిత్రములతో సహా వ్రాసి భద్రపఱచుట జిల్లా కళాశాలలకును, గ్రంథాలయములకును అసాధ్యమైన పని కాదు. అట్లు చేసిననాడు, బయటివాడు వచ్చి మన యెఱుకను తనదనుటకు వీలుండదు. ఆ యెఱుకపై నిజముగ ఒక మెట్టు పైకెక్కిన మన బిడ్డ, తన మెట్టు ఇదియని నిస్సంశయముగ చూపి హక్కు నందగలడు. నాట్లు వేయు పాదమునకు తడి యంటని అట్ట చౌకగ లభింపవలెనన్నను, దానిని కల్పించినవానికి అన్నము దొరకవలెనన్నను, ముందుగ జరుగవలసినది ఈ వ్రాతపనియే.